తుంటి మీద చెయ్యి

“నా మనవరాలి కాలు సంపేసినావు! నువ్వు డాక్టరువేటి?”

మందస ఆర్‌ఎంపీ సూర్యప్రకాష్ అరుగు మీద జ్వరాల జనం కిటకిటలాడుతున్నారు. వాళ్లను తోసుకొచ్చి జీవరత్నమ్మ నాలుగేళ్ల కృపను నిలబెట్టింది. నడవమంటే పిల్ల కుడిపాదాన్ని నేల మీద ఈడ్చింది.

“టెక్కలిలో పెద్ద డాక్టరు సెప్పినాడు. తుంటి మీద ఎయ్యకూడని సోట సూది ఏసినావట. నరం దెబ్బతినీసిందట!”

సూర్యప్రకాష్ సిరంజిలోకి మందు లాగుతూనే నవ్వాడు. బల్ల మీద బొడ్డమ్మ తన రెండేళ్ల కొడుకును బోర్లా పడుకోబెట్టి, కాళ్లు అదిమి పట్టుకుంది.

“దీనికి జొరమొచ్చిన రోజు నానేటిచ్చినాను? బిళ్లలు కాదేటి? అవి నా మొకాన ఇసిరి, సూది ఎయ్యమన్నదెవురు? గుంట తన్నుకుంటుంటే కాళ్లు పట్టుకున్నదెవురు?”

“నిజమే అప్పా, బిళ్లలకి జొరం దిగుతాదేటి?” వరసలో ఒకామె ఎగతాళి చేసింది.

జీవరత్నమ్మ చేతులు చూసుకుంది. తన్నుకున్న ఆ చిన్న కాళ్లు ఇంకా తన అరచేతుల్లోనే ఉన్నట్టున్నాయి.

సూది కిందకు దిగుతోంది. ఆమె చటుక్కున వంగి పసివాడి తుంటి మీద అరచెయ్యి పరిచింది.

“చెయ్యి తియ్యి, గుచ్చుకుంటాది!” సూర్యప్రకాష్ అరిచాడు.

“గుచ్చు. అడిగినాను, పట్టుకున్నాను, నా తప్పే. బిళ్ల సరిపోతాదని నాకు తెల్దు. నీకు తెలుసు కదా, తెలిసీ ఎందుకేసినావు? ఓలె బొడ్డమ్మా, ఆడి కాళ్లొగ్గీ, ఒదిలీ! డాక్టరూ, నువ్వు నోటికి మందియ్యి. సూది తప్పదంటే తొడకెయ్యి. అది సేతకాదంటే టెక్కలి ఆస్పత్రికి సీటీ రాసి పంపు. రాయి, ఇప్పుడే!”