కనపడని ఖాళీ

"మళ్ళీ నంబరు తప్పంటోంది తాతా!" అంది మనవరాలు, ఆసుపత్రి కౌంటరు ముందు నిలబడి. అవ్వ కంటి ఆపరేషన్ తేదీ ఖాయం చేయడానికి, ఆసుపత్రి మెయిల్లో పంపిన ఫైలు నంబరును నెల రోజులుగా ఫోన్లో వాళ్ళ సైటులోకి కాపీ చేసి వేస్తూనే ఉంది.

"కాపీ మానేసి చేత్తో కొట్టమ్మా," అన్నాడు ఆసుపత్రి గుమస్తా.

కొట్టింది. ఫైలు తెరుచుకుంది.

"అంకెల మధ్య కంటికి కనపడని ఖాళీ ఒకటి మెయిల్లోంచి అంటుకొచ్చింది. అదీ సంగతి," అన్నాడు గుమస్తా.

"హమ్మయ్య! ఆపరేషన్ ఎప్పుడు బాబూ?" అన్నాడు తాత.

"మొన్న సోమవారం, పెద్దాయనా. మీరు ఖాయం చేయలేదని ఆ తేదీ వేరేవాళ్ళకిచ్చేశారు. మళ్ళీ వరసలో చివర... రెండేళ్ళు."

"ఈ ఏడు దాటితే చూపు దక్కదన్నాడే డాక్టరు!"

గుమస్తా ఫైలు మూసేశాడు.

అంతలో తాతకి అవ్వ ఫోను. "కళ్ళున్నవాళ్ళు ఇద్దరు వెళ్ళారుగా, తప్పేంటో దొరికిందా?"



"దొరికిందే."