రెండూ ఒకే మాట

అందరూ చూస్తుండగానే ఆవిడ ఆ రెండింటినీ పీకి సముద్రంలోకి విసిరేసింది.



విసిరేసినవి బొటనవేలంత సెన్సర్లు. డైవర్లు వీపున కట్టుకునే రీబ్రీదర్ లోపల ఉండేవి.

మామూలు సిలిండరైతే మనం వదిలిన గాలి బుడగలై పోతుంది. రీబ్రీదర్ అలా పోనివ్వదు. వదిలిన గాలినే శుభ్రం చేసి, కాస్త ఆక్సిజన్ కలిపి, మళ్లీ పీల్చుకోమంటుంది. ఎంత కలపాలో దానికి చెప్పేవి మూడు సెన్సర్లు.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఏం చేశారో తెలుస్తోందా మీకు?" డైవర్ అమ్మాయి సూట్ జిప్పు సగంలో వదిలేసి లేచింది.

"తెలిసే చేశాను."

సముద్రం చూస్తానని పొద్దున్నే పడవెక్కిన నడివయసు మనిషి ఆవిడ. ఎక్కినప్పటి నుంచి సముద్రం వంక చూస్తే ఒట్టు. కళ్లన్నీ ఆ యంత్రం మీదే.

పడవ నడిపే ఆ అమ్మాయి అన్న చుక్కాని వదిలేసి వచ్చాడు.

"మంచివి రెండూ పారేసి, పాడైనదాన్ని ఉంచారా తల్లీ? భలే పని చేశారు."

చూసేవాళ్లకి అదీ నిజమే. ఇందాక ఆక్సిజన్ పట్టి చూస్తే రెండు సెన్సర్లు ఒకే అంకె చూపించాయి. మూడోది ఎక్కువ చూపించింది. అది సరిగ్గా కూర్చోలేదేమోనని అమ్మాయి మూత తీసింది. సందు దొరికిందే చాలని ఆవిడ చెయ్యి పెట్టేసింది.

"రెండు ఒకే మాట చెప్తే మిషన్ మూడోదాన్ని లెక్కచేయదు. దాని పద్ధతే అది," అంది అమ్మాయి.

"ఆ రెండూ పాతబడిపోయి, కూడబలుక్కున్నట్టు అబద్ధం చెప్తేనో?"

"కొత్తవే. ఈ మిషన్ అమ్మిన షాపాయన చెప్పాడు."

"అమ్ముకునేవాడు అలాగే చెప్తాడు. ఉన్న ఆక్సిజన్‌ని అవి తక్కువని చూపిస్తే, మిషన్ ఇంకా ఇంకా వదుల్తుంది. లోతులో ఎక్కువైతే అదే విషం. నీకేమీ తెలియదు. హాయిగానే ఉంటుంది. ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. నోట్లో గొట్టం జారిపోతుంది. అంతే."

"మీరు డైవరా?"

"నాకు ఈత కూడా రాదు."

మిగతా ప్రయాణికులు పగలబడి నవ్వారు.

అమ్మాయికి నవ్వు రాలేదు. ఇవాళ కింద మునిగివున్న ఓడ దాకా దిగి వస్తే, ఓడలు వెలికితీసే కంపెనీలో ఉద్యోగం. ఆ జట్టులో ఇంతవరకు ఒక్క ఆడమనిషి లేదు. నీవల్ల కాదన్న ప్రతివాడితోనూ పోట్లాడి ఇక్కడిదాకా వచ్చింది.

"మగాళ్లు అడ్డం పడితే అర్థముంది. ఆడదానివై ఉండి నువ్వు నా నోటికాడ కూడు లాగేస్తావా?"

"లాగేశాను. తిట్టుకో, పడతాను."

"నన్ను ఆపడానికి అసలు నువ్వెవరు?"

"చెప్తే అయ్యో అంటావు. అయ్యో అనేసి, ఇంకెవరో ఇచ్చిన సెన్సర్లు తగిలించుకుని దిగేస్తావు. నీ అయ్యో నాకక్కర్లేదు. దిగకు, చాలు."

అన్న పక్క పెట్టెలోంచి ఎప్పటివో రెండు పాత సెన్సర్లు వెతికి తెచ్చాడు.

అవి చూడగానే ఆవిడ యంత్రం మీద బోర్లా పడి, రెండు చేతులా కావలించుకుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ లాగారు. మోచెయ్యి చీరుకుపోయినా ఆవిడ పట్టు వదల్లేదు.

ఇక చేసేదేముంది. పడవ వెనక్కి తిరిగింది.

రేవులో కంపెనీవాళ్లు సంగతి విని, "మేం ముందే అనుకున్నాం," అని కారెక్కి వెళ్లిపోయారు. అమ్మాయి పళ్లు బిగబట్టి నిలబడింది. ఏడిస్తే వాళ్లకి పండగ.

"ఇంకోసారి ఈ రేవులో కనబడ్డారంటే మర్యాద దక్కదు," అన్నాడు అన్న.

"పని పడితే కనబడతాను," అంది ఆవిడ. మోచేతికి కొంగు చుట్టుకుని, తల ఎత్తుకునే బస్టాండు వైపు వెళ్లింది.

"పిచ్చిది," అంది అమ్మాయి, వినపడేలాగే.

ఆ కోపంతోనే యంత్రాన్ని మోసుకెళ్లి షాపు బల్ల మీద పెట్టింది.

"సెన్సర్లు కావాలి."

"మొన్నేగా వేశాను?" అన్నాడు షాపాయన.

"పడవలో ఎవరో పిచ్చావిడ రెండు పీకి సముద్రంలో పారేసింది."

షాపాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏ రెండు?"

అమ్మాయి బల్ల మీదికి వంగింది.

"ఏ రెండని అడుగుతారేంటి? మూడూ కొత్తవేనన్నారుగా?"

ఆయన బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

"చెప్తారా, దీన్ని నడివీధిలో పెట్టి ఊరందర్నీ పిలవమంటారా?"

"ఒకటే మార్చానమ్మా. అది పూర్తిగా చచ్చిపోయింది. మిగతా రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయి కదా, బాగానే ఉన్నాయనుకున్నా."

అమ్మాయి ఇంకేమీ వినలేదు. బస్టాండుకి పరుగెత్తింది.

బస్సు వెళ్లిపోయింది.

తిరిగొచ్చి షాపు షట్టరు సగం దించి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆవిడెవరో చెప్పందే మీరు బయటికి కదలరు."

"వారం నుంచి నా చుట్టూ తిరుగుతోంది, మిషన్ ఎవరికి అమ్మావో చెప్పమని. నేను చెప్పలేదు. రేవంతా తిరిగి తనే కనుక్కున్నట్టుంది."

"ఎందుకు?"

"ఆవిడకి చెప్పకుండా దీన్ని వాళ్ల మరిది తెచ్చి నాకు అమ్మేశాడు," అన్నాడాయన తల వంచుకుని. "ఆవిడ మొగుణ్ణి నీళ్లలోంచి పైకి తీసినప్పుడు, ఇది ఆయన వీపు మీదే ఉంది."