పదిహేను డిగ్రీలు

"ఈ రోజు ఎక్కడికి వెళ్లావు?"

కాటాల వ్యాపారి బూట్లు విప్పకుండానే అడిగాడు. భార్య వంటగదిలో గిన్నె కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"ఎక్కడికీ వెళ్లలేదు."

"నిన్న?"

"నిన్నా ఇంట్లోనే ఉన్నాను."

అతను ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. హాల్లో గోడకు బిగించిన, ఇంటి వేడిని చూసుకునే థర్మోస్టాట్ పంపే రోజువారీ వివరాలు అందులో ఉన్నాయి. సోమవారం, పొద్దున తొమ్మిదీ ఇరవై నుంచి సాయంత్రం ఆరున్నర దాకా: ఇంట్లో ఎవరూ లేరు. మంగళవారం అంతే. బుధవారం అంతే. వేలు పెట్టి కిందికి జరుపుతూ పోతే పదకొండు రోజులు అంతే.

ఆ పరికరాన్ని ఎంచుకున్నది అతనే. షాపులో మూడు రకాలు చూపించారు. ఒకటి పెట్టిన టైముకు ఇంటిని వెచ్చబెడుతుంది. ఇంకోటి ఫోనులో నొక్కితే వెచ్చబెడుతుంది. మూడోదానికి కన్నుంది. హాల్లో మనిషి మసలుతుంటే ఇంటిని ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర ఉంచుతుంది. అరగంటసేపు ఏ కదలికా లేకపోతే ఇల్లు ఖాళీ అనుకుని పదిహేనుకు దించేస్తుంది. ఎవరూ లేని ఇంటికి వేడి దండగ కదా అని మూడోదే తెచ్చాడు.

"దాని కంటికి ఏమైనా అయిందేమో" అంది ఆమె.

"పొద్దున నేను హాల్లో మసలుతుంటే ఇరవై ఒకటి దగ్గరే ఉంటోంది. హాలు దాటకుండా ఈ ఇంట్లో ఎటూ పోలేం. దానికి నేను కనిపించి నువ్వు కనిపించకపోవడానికి నువ్వేమన్నా గాలివా?"

"అయితే వెళ్లాననే అనుకోండి."

అదే అతనికి మింగుడుపడలేదు. పాప పోయి నాలుగు నెలలైంది. అప్పట్నుంచి ఆమె దేనికీ కాదనడం లేదు, అవుననడమూ లేదు. అతను మాత్రం ఐదో రోజే షాపు తెరిచాడు. కూర్చుంటే లాభం లేదని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే అమ్ముతున్నాడు.

ఆమె రోజూ ఎక్కడికో వెళ్తోంది. ఎవరితోనో మాట్లాడుతోంది, నవ్వుతోంది కూడానేమో. అలా అనుకుంటే కోపం వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. ఏదో ఒకనాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంది. ఆ సంగతి ముందే తెలిస్తే చాలనుకున్నాడు.

మర్నాడు షాపులో, మందుల పొడులు అమ్మే ఆవిడ తన కాటాను బల్ల మీద దబ్బున పెట్టింది.

"ఏమన్నయ్యా, మంచి సరుకని ఇదా నాకు అంటగట్టింది? చిటికెడు పొడి వేస్తే సున్నా అంటోంది. నా పొడి దీని కంటికి ఆనదా?"

"ఆనదమ్మా. ఇది బస్తాలు తూచేది. వంద గ్రాముల లోపు ఏం పెట్టినా దీని లెక్కలో అక్కడేమీ లేనట్టే. చిన్నది తీసుకోమని మొత్తుకుంటే విన్నావా?"

"లేకపోవడమేంటి? పొడి నా కళ్లెదుట ఉందిగా!"

"నీ కళ్లకుంది. కాటాకు లేదు. అది దాని తప్పు కాదు."

"దాని తప్పు కాదు, నీ తప్పు ఎలాగూ కాదు. ఇక దొరికింది నేనేగా! మాటలు తర్వాత, ముందు మార్చియ్యి."

మార్చి ఇచ్చాడు. ఆవిడ గొణుక్కుంటూ వెళ్లాక ఫోను చూశాడు. పన్నెండున్నర. ఇంట్లో ఎవరూ లేరు. పదిహేను డిగ్రీలు. షట్టరు సగం దించి బయల్దేరాడు.

తాళం చప్పుడు కాకుండా తిప్పాడు. గుమ్మం పక్కన ఆమె బూట్లు ఉన్నాయి. వాటి మీద దుమ్ము పేరుకుని ఉంది.

ఆమె హాల్లోనే ఉంది. కోటు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా పాప గది తలుపు, మూసి ఉంది. కుర్చీ పక్కన స్టూలు మీద టీ కప్పు. పొద్దున అతను వెళ్లేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంది, పైన మీగడ కట్టింది. గోడ మీది కన్ను ఆమెకు రెండు బారల దూరంలో సూటిగా ఆమెనే చూస్తోంది.

అతని అడుగుకు పరికరం మేలుకుంది. ఇరవై ఒకటి అంకె వెలిగింది. గొట్టాల్లో వేడి కదిలిన చప్పుడు.

"తొందరగా వచ్చారే" అంది ఆమె, తల తిప్పకుండా.

"పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నావా?"

"చెప్పానుగా."

"కాస్త లేచి తిరగొచ్చుగా. చెయ్యి ఊపినా చాలు, అదే వెచ్చబడుతుంది."

"ఎందుకు?"

అతను ఒక్క నిమిషం కూర్చుని వెళ్దామని ఇంకో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. నాలుగు నెలల్లో పగటిపూట ఆ హాల్లో కూర్చోవడం ఇదే మొదలు. తలుపు మీద, పాప చెయ్యి అందే ఎత్తులో, నీలం చేప బొమ్మ అంటించి ఉంది. తోక దగ్గర కొంచెం ఊడింది. దాన్నే చూశాడు. షట్టరు సగమే దించానని గుర్తొచ్చింది. లేవాలనుకున్నాడు.

అరగంట గడిచాక గోడ మీద టక్కుమంది. ఇరవై ఒకటి పోయి పదిహేను వచ్చింది. దాని కింద అక్షరాలు వెలిగాయి.

ఇంట్లో ఎవరూ లేరు.