కుడిపక్క పచ్చ చుక్క

"చుక్క తప్పు పక్కన ఉంది" అంటూ కటిల్ కారు కింది నుంచి అద్దం బయటికి లాగాడు. పొడవాటి కర్రకు బిగించిన గుండ్రటి అద్దం అది. పోటీలో మార్కులు వేసేది ఆయనే. "రెండు మార్కులు తీసేస్తున్నాను."

ఆ కారు బ్రయనీది. అంతవరకూ అందరికంటే ముందున్నది తనే, అదీ ఒక్కటంటే ఒక్క మార్కుతో.

ఇంగ్లండులో కెనిల్‌వర్త్ ఊరి శివారు మైదానంలో ఆ ఆదివారం పద్నాలుగు లార్క్‌ఫీల్డ్ కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ పందొమ్మిదివందల అరవైమూడులో తయారైనవే. అప్పట్లో ఎలా బయటికొచ్చాయో అచ్చం అలాగే కనిపించాలన్నది పోటీ. సీటు కుట్టులో దారం రంగు దగ్గర్నుంచి అన్నీ చూస్తారు. వెనక ఇరుసు మీద, ఫ్యాక్టరీ తనిఖీలో నెగ్గిన గుర్తుగా చెప్పుకునే వేలెడంత పచ్చరంగు చుక్కనూ చూస్తారు.

"ఎడమపక్క అని పుస్తకంలో స్పష్టంగా ఉంది" అన్నాడు కటిల్. ఈ కార్ల గురించి ఆ పుస్తకం రాసిందీ ఆయనే.

"నా కారుకి కుడిపక్క ఉంది."

"మీరు పెట్టారు కాబట్టి ఉంది."

"నేను పెట్టలేదు మిస్టర్ కటిల్. మూడు వారాలు చెక్కపుల్లతో జిడ్డు గీకితే బయటపడింది. చుట్టూ తుడిచానే గాని దాన్ని ముట్టుకోలేదు. దగ్గరగా చూడండి. అది బ్రష్షుతో పెట్టింది కాదు, బొటనవేలితో అద్దింది. వేలి గీతలు కూడా తెలుస్తాయి."

కటిల్ మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని అద్దం లోపలికి తోశాడు. చాలాసేపు చూశాడు. "గీతలున్న మాట నిజమే. కానీ అవి మీ వేలివే కావచ్చు."

"రంగు డబ్బా మూత తీసి పెడితే మా ఇంట్లో పిల్లి కూడా అద్దుతుంది" అన్నాడు పక్క కారు యజమాని రెజ్, తన కారు ముందు మడత కుర్చీలో కూర్చుని. రెండో స్థానంలో ఉన్నది అతనే.

బ్రయనీకి మార్కులు పోతున్నాయన్న బాధ ఒకటైతే, ఆ వేలు ఎవరిదన్న ప్రశ్న ఇంకొకటి. ఆ గీతలు బయటపడ్డ రోజు నుంచీ అది ఆమెను వదల్లేదు. ఒక్క క్షణం ఆలోచించి, "పది నిమిషాలు ఆగండి. ఇప్పుడే వస్తాను" అని మైదానం చివర ఉన్న డేరా వైపు గబగబా నడిచింది.

ఆ డేరా ఒకప్పటి ఫ్యాక్టరీ కార్మికులది. ఏటా వాళ్లను పిలిచి టీ, బన్నులు ఇస్తారు. చప్పట్లు కొట్టి పంపేస్తారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

"ఇరుసుల దగ్గర పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

మూలన కూర్చున్న ముసలాయన చేతిలోని బన్ను పైకెత్తాడు. "నేనున్నాను. క్లెమ్ ట్రాంటర్. తనిఖీలో పదకొండేళ్లు చేశాను. ఎందుకు తల్లీ?"

"పచ్చ చుక్క ఏ పక్కన పెట్టేవారు?"

ఆయన నోట్లోది నిదానంగా నమిలి మింగాడు. "కుడిపక్క. నడిపి చూసిన బండిని అప్పుడే తెచ్చి గుంత మీద ఆపేవాళ్లు. మేం కింద నిలబడి చూడాలి. ఎడమపక్క పొగగొట్టం కాలిపోతూ ఉండేది. మొదటిరోజే చెయ్యి కాల్చుకున్నాను. మళ్లీ అటు పోలేదు."

"మరి దేంతో పెట్టేవారు?"

ఆయన బొటనవేలు చూపించాడు. "బ్రష్షులు ఇచ్చేవాళ్లు కాదు. ఇచ్చినా ఎవడో ఒకడు ఇంటికి పట్టుకుపోయేవాడు."

బ్రయనీ ఆయన చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిపించుకొచ్చింది. కటిల్ అద్దం కర్ర అందించాడు. ట్రాంటర్ వంగలేక వంగి అద్దంలోకి చూశాడు. కాసేపటికి ఆయన ముఖం విప్పారింది.

"నాదే. కొసన ఆ కోత చూడండి. రేకు కోసుకుని మూడు కుట్లు పడ్డాయి." ఆ మచ్చ ఇప్పటికీ ఆయన వేలి మీద ఉంది.

కటిల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనొక ఫోటో చూసి రాశాను. బహుశా అది కుడి ఎడమలు తిరగబడి అచ్చయి ఉంటుంది. నలభై ఏళ్లుగా నాదే తప్పు." కాగితం మీద అంకె కొట్టేసి మళ్లీ రాసి బ్రయనీ వైపు తిరిగాడు. "మిసెస్ హాల్సల్, మీ మార్కులు మీకే. మిగతా పదముగ్గురికీ రెండేసి కోత."

వరస పొడుగునా గొణుగుడు మొదలైంది. రెజ్ అప్పటికే గుడ్డా రంగు డబ్బా పట్టుకుని తన కారు కిందికి దూరిపోతున్నాడు. అతన్ని చూసి ఇంకొకరు, ఆ ఇంకొకర్ని చూసి మరొకరు. కాసేపట్లో మైదానం నిండా కార్ల కింద నుంచి బూట్లే కనిపించాయి. బ్రయనీకి గెలిస్తే ఇచ్చే కప్పు సంగతి కూడా గుర్తు లేదు. ఆ వేలు గల మనిషి పక్కనే తను నిలబడి ఉంది. అదే చాలనిపించింది.

ట్రాంటర్ మాత్రం ఆ బూట్ల వరసను వింతగా చూస్తున్నాడు. "వీళ్లంతా ఏం చేస్తున్నారు?"

"చుక్కను కుడిపక్కకి మారుస్తున్నారు" అంది బ్రయనీ.

"అన్ని బండ్లకీనా?"

"అన్నిటికీ. తనిఖీలో నెగ్గిన గుర్తు కదా."

"నెగ్గినవాటికి గుర్తెందుకు తల్లీ? వాటిని అలాగే పంపేసేవాళ్లం. లోపల బోల్టులు సరిగా బిగించని వాటికే చుక్క పెట్టేది. మళ్లీ బిగించాక నేనే తుడిచేసేవాణ్ణి."

ఆయన ఇంకోసారి అద్దంలోకి చూశాడు. ఆ తర్వాత గేటు అవతలి రోడ్డు వైపు చూశాడు.

"ఇక్కడిదాకా దీన్ని నడుపుకుంటూ వచ్చావా తల్లీ?"