సీలు మీరే తియ్యండి

"ఈ బండికి మంచి సింథటిక్ ఆయిలే పొయ్యాలట. ఏది మంచిదో నువ్వే చూసి పొయ్యి," అన్నాడు ఆమె గారేజికి వచ్చిన మాజీ మొగుడు, తన ఎర్ర రేసు కారు మీద చెయ్యేసి.

ఏది పొయ్యాలో ఆమె పొద్దున అతని ఫోను రాగానే తేల్చుకుంది. ఖరీదైన డబ్బాలో నాసిరకం ఆయిల్ నింపి, సీలు మళ్ళీ అతికించి సిద్ధంగా పెట్టింది. కారు వేగం అందుకుని వేడెక్కిందంటే చాలు, ఇంజన్ పట్టేస్తుంది. తన కడుపుమంట చల్లారుతుంది.

"డబ్బా సీలు చూసుకుంటారా?" గారేజి పద్ధతి కాబట్టి అడిగింది.

"ఎందుకూ? నీ మీద నమ్మకం లేకనా?"

మూత మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. విడాకుల రోజు తన అన్నయ్యతో ఈ నోరే అంది, "మీ చెల్లెలి చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా నమ్మి తాగలేం."

ఇప్పుడిది పోస్తే ఆ మాట నిజమవుతుంది. వీడి మాట నిజం చేసే ఖర్మ తనకేమిటి?

ఆ డబ్బాను కాలితో బల్ల కిందికి తోసేసి, అరలోంచి కొత్తది తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"సీలు మీరే తియ్యండి."

"నమ్మకం ఉందన్నాగా."

"నాకక్కర్లేదు. పోసేంతసేపూ పక్కనే నిలబడి చూడండి. రేపు నన్ను అనడానికి మీకు మాట మిగలకూడదు."

సీలు తీస్తుంటే అతని మొహం మాడిపోయింది.

ఆమె తొందరపడలేదు. చివరి చుక్క దాకా నిదానంగా పోసి, ఖాళీ డబ్బా అతని కళ్ళ ముందు బోర్లించింది.

"చూసుకున్నారుగా, సార్?"