నిలబడి అడిగితే

ఊళ్లలో ఆరోగ్య సంఘాల్లో చేరేవాళ్లందరికీ ఇప్పుడు శిక్షణ ఇచ్చేది రాజవ్వే. రాజవ్వ మాట్లాడే మరబొమ్మ. మండలానికొకటి ఉంది. ముడతల ముఖంతో నులక మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్లతో రోగిలాగా మాట్లాడుతుంది.

సంఘంలో చేరబోయిన అంజవ్వ ఆమె దగ్గర పరీక్షలో రెండుసార్లు తప్పింది. అడగవలసినవన్నీ గడగడా అడిగింది. "బాగనే ఉన్న బిడ్డా" అన్నదే తప్ప రాజవ్వ ఇంకో మాట చెప్పలేదు.

మూడోసారి అంజవ్వ విసుగెత్తి, చెప్పులు విడిచి, మంచం పక్కనే చతికిలబడింది. రాజవ్వ చెంబు అందించింది. అంజవ్వ నీళ్లు తాగింది.

"పండుకుంటె ఊపిరాడ్తలేదు బిడ్డా," అంది రాజవ్వ.

గోడ మీద పచ్చదీపం వెలిగింది. సంఘంవాళ్లు అంజవ్వకు మందుల సంచీ ఇచ్చి పంపారు.

ఇంటికి రాగానే ఆమె గడపలో నిలబడి, అలవాటుగా, "ఎట్లున్నవత్తా?" అంది.

"బాగనే ఉన్న."

లోపలికి పోబోయిన అంజవ్వ ఆగింది. సంచీ దించి, చెప్పులు విడిచి, అత్త పక్కన కూర్చుంది.

"జర మంచినీళ్లియ్యత్తా."

అత్త చెంబు అందించి, కోడలు తాగినంతసేపూ ఆమె ముఖమే చూసింది.

"రొమ్ముల గడ్డయింది బిడ్డా. బతుకమ్మ పండుగ సంది ఉన్నది."

"రోజూ అడుగుతున్న గదత్తా! చెప్పకపోతివి?"

"నువ్వు రోజూ నిలబడే అడుగుతివి గద."