వణికే గీత

సూది మళ్ళీ అదిరింది.

ఆపరేటర్ చేయి ఆపి తెర వైపు చూశాడు. ఆ సూది మొన కంటికి ఆననంత సన్నం. దాని మీద లేజర్ పడితే, ఆ వేడికి కింద బంగారు పూత మీద గీత పడుతుంది. వెంట్రుకను నిలువునా రెండు వేల చీలికలు చేస్తే, అందులో ఒక చీలికంత గీత. అది తిన్నగా పడాలి. పన్నెండింటికి కంపెనీవాళ్ళు వచ్చి చూస్తారు. నచ్చకపోతే ల్యాబ్‌కు తాళమే. అతనూ, పక్కగది స్టోర్లో పనిచేసే తమ్ముడూ ఒకేసారి రోడ్డున పడతారు.

"ఏమిటండీ ఈ అదురు?" అంది వెనక నిలబడ్డ ల్యాబ్ ఇన్‌ఛార్జి మేడం.

"మావాడే మేడం. పెట్టెలకు మేకులు దిగ్గొడుతుంటాడు. ఇవాళ సుత్తి ముట్టుకోవద్దని పొద్దున్నే చెప్పించాను."

"చెప్పించడమేంటి, మీరే చెప్పచ్చుగా?"

"మాకు మాటల్లేవు. రెండేళ్ళయింది."

గోడ మందం. చప్పుడు రాదు. నేల మాత్రం ఒకటే. చెవికి అందనిది సూదికి అందుతుంది. తెర మీద అలలు వరసగా లేస్తున్నాయి. ఊసుపోక లెక్కపెట్టాడు. ముప్పై. చిన్న విరామం. మళ్ళీ ముప్పై.

"మేకులు కొట్టేవాడు ఇంత లెక్కగా కొడతాడా?" అంది మేడం, తనూ తెర చూస్తూ.

"నా మీద కోపమొస్తే కొడతాడు."

మేడం స్టోర్‌కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"పోనీ మీరొకసారి వెళ్ళి..."

"తలుపు తీస్తే లేజర్ ఆరిపోతుంది. మళ్ళీ సర్దడానికి రెండు గంటలు. అంతా చేసి, వెళ్ళి వాడి గడ్డం పట్టుకోవాలా?"

పదకొండూ ముప్పావు. ముప్పై. విరామం. ముప్పై.

"ఆపి చావరా," అన్నాడు గోడతో.

కాసేపటికి అలలన్నీ పడుకున్నాయి.

"హమ్మయ్య. బుద్ధొచ్చింది వెధవకి."

గీత మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది. దారం లాగి పట్టినట్టు వచ్చింది. మేడం చప్పట్లు కొట్టబోయి, నేల గుర్తొచ్చి చేతులు దించుకుంది.

"వెళ్ళి మీ తమ్ముడికి థాంక్స్ చెప్పండి. ఈ వంకనైనా మాట్లాడినట్టుంటుంది."

"వాణ్ణి ముందు మాట్లాడమనండి, చూద్దాం."

అతనికి సంతోషం కలగలేదు. ఏమీ కలగలేదు. లేజర్ ఆపి తలుపు తీశాడు.

పక్కగదిలో, నేల మీద పడుకోబెట్టిన తమ్ముడి గుండెను అరగంటగా, ముప్పైసార్లకోసారి ఆగి నోట్లో ఊపిరి ఊదుతూ, రెండు చేతులా ఒత్తుతున్న సరుకు వ్యాన్ డ్రైవరు, ఇక లాభం లేదని నాలుగు నిమిషాల క్రితమే లేచి నిలబడ్డాడు.